వర్సేల్స్ సంధికి పన్నెండు మార్కులు

పోయినవన్నీ ఒక చోట వేసి కూడితే డెబ్బై అయిదు తేలాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు రాయమన్న వ్యాసంలో పందొమ్మిది, వర్సేల్స్ సంధి మీద పద్దెనిమిది, జర్మనీలో నియంతృత్వం ఎలా నిలదొక్కుకుందన్న దానిలో ఇరవై, ప్రచ్ఛన్న యుద్ధానికి ఎవరు బాధ్యులన్న దానిలో మళ్లీ పద్దెనిమిది. వ్యాసానికి ముప్పై చొప్పున నాలుగింటికి నూట ఇరవై. అందులో నాకు వచ్చినవి నలభై అయిదు.

కూడిక సరిపోయింది. నాకు సరిపోనిది వేరే. ఆ డెబ్బై అయిదూ ఏ పేజీలో, ఏ వాక్యం దగ్గర పోయాయో ఆ కాగితాల మీద ఎక్కడా లేదు. తప్పు అని కొట్టేసిన ముక్క ఒక్కటీ లేదు. ప్రతి వ్యాసం చివరా ఎర్ర ఇంకుతో ఒక అంకె, దాని కింద ఒకే వాక్యం: చాలా తెలుసు, ప్రశ్నకు జవాబు మాత్రం లేదు.

నా పనే లెక్క చూడటం. లిటిల్ ఇండియా కొట్లకు పప్పులూ బియ్యమూ మిరపకాయలూ తెప్పించి ఇచ్చే ఒక కంపెనీ గోదాములో సరుకు లెక్క నా చేతిలో ఉంటుంది. ఇంటర్ అయ్యాక పెళ్లి చేసుకుని ఇక్కడికి, ఈ పరాయి దేశానికి వచ్చాను. అకౌంట్లు నాకెవరూ నేర్పలేదు. లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని, చేసిన లెక్కనే మళ్లీ చేసి, తప్పు దొరికిన చోట ఆగి నేర్చుకున్నాను. ఎండుమిరపకాయల బస్తా తూకం తగ్గితే అది తేమ ఆరిన తరుగో, ఎవరైనా తీసిన తరుగో చెప్పగలను. చింతపండుకు ఎంత తరుగు ఒప్పుకోవచ్చో, కందిపప్పుకు ఎంత ఒప్పుకోకూడదో తెలుసు. కారణం తేలకుండా కిలో సరుకును కూడా నేను వదిలిపెట్టలేదు. అలాంటిదాన్ని పట్టుకుని డెబ్బై అయిదు పోయాయి, ఎలా పోయాయో అడగకు అంటే ఎలా ఊరుకుంటాను?

ఈ వయసులో పరీక్ష ఎందుకంటే, గోదాములో నా పైన వచ్చేవాళ్లందరూ డిగ్రీ ఉన్నవాళ్లే. వచ్చిన కొత్తలో వాళ్లకు బస్తాల వరస ఎలా లెక్కపెట్టాలో నేనే చూపిస్తాను. కొన్నాళ్లు పోయాక సంతకం వాళ్లు పెడతారు, నేను కాగితం పట్టుకుని పక్కన నిలబడతాను. సాయంత్రాలు చదువుకునే అకౌంటెన్సీ డిగ్రీ ఒకటి ఉంది. అందులో చేరాలంటే ఇక్కడి స్కూలు పిల్లలు రాసే పరీక్షే ప్రైవేటుగా రాయాలి. లెక్కలు, ఎకనామిక్స్ మొదటిసారే మంచి గ్రేడుతో అయిపోయాయి. లెక్కలు తీసుకున్నవాళ్లు దానికి పూర్తిగా భిన్నమైన సబ్జెక్టు ఒకటి రాయాలన్నది ఆ పరీక్ష నియమం. నేను ఆధునిక యూరప్, ప్రపంచ చరిత్ర తీసుకున్నాను. చరిత్రలో సంవత్సరాలుంటాయి, సంవత్సరాలంటే అంకెలు, అంకెలు నన్ను మోసం చెయ్యవు అనుకున్నాను. దానిలో సి గ్రేడు వస్తే సీటు వస్తుంది, రాకపోతే రాదు.

ఆ ఎర్ర ఇంకు ఆంటీది. బిషాన్‌లో మా పక్క బ్లాకులోనే ఉంటారు. హైదరాబాదు పాతబస్తీలో పుట్టి, పెళ్లయి ఇక్కడికి వచ్చి, ముప్పై ఏళ్లు పిల్లలకు చరిత్ర ట్యూషన్ చెప్పి మానేశారు. ఇంట్లో దక్ఖనీ ఉర్దూ, నాతో తెలుగు, కోపం వస్తే ఈ ఊరి ఇంగ్లీషు. ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి డైనింగ్ టేబులు మీద నా కాగితాలు పరిచి, పక్కన చాయ్ పెట్టుకుని కూర్చునేవారు.

"ఆంటీ, ఈ పద్దెనిమిది ఎక్కడ పోయాయండీ?" అని వర్సేల్స్ సంధి కాగితం ముందుకు తోశాను.

"ఎక్కడా పోలే బేటీ. రాలే."

"రెండూ ఒకటే కదండీ."

"ఎట్ల ఒకటైతది? మీ గోదాముల వంద బస్తాలు దిగి తొంభై మిగిలితే పోయినట్టు. లారీలో వచ్చిందే నలభై అయితే? పోయినట్టా, రానట్టా?"

"రానట్టు."

"మరి నువ్వు నాకు పంపిందే నలభై."

"ఇందులో పదకొండు పాయింట్లు ఉన్నాయండీ ఆంటీ! ఒక్కటి తప్పు చూపించండి. భూభాగాలు పోయాయని రాశా, సైన్యం తగ్గించారని రాశా, పరిహారం రాశా, అవమానం రాశా. అన్నీ హెడింగులు పెట్టి గీతలు గీసి మరీ రాశా."

"గీతలు శానా మంచిగున్నయ్," అన్నారు ఆంటీ. "స్కేలు పెట్టి గీసినవా?"

స్కేలు పెట్టే గీశాను. అలా గీయడం నేర్పింది మా జూనియర్ కాలేజీ. మా కామర్స్ లెక్చరర్ క్లాసులో బల్ల మీద చాక్‌పీసు కొట్టి చెప్పేవారు, "పేపరు దిద్దేవాడు చదవడమ్మా, చూస్తాడు. వాడి కన్ను ఎక్కడ ఆగాలో మీరే గీత గీసి చూపించాలి" అని. పది మార్కుల ప్రశ్నకు పది పాయింట్లు. ఒక్కో పాయింటుకు సైడ్ హెడింగు, హెడింగు కింద నల్లగీత, దాని కింద మూడు వరసలు. ముందు ఉపోద్ఘాతం, వెనక ముగింపు. ఉపోద్ఘాతం ప్రశ్నలోని మాటలతోనే, ముగింపు ఉపోద్ఘాతంలోని మాటలతోనే. పరీక్ష హాలు బయట ఒకరినొకరు అడిగేది ఏం రాశావని కాదు, అడిషనల్స్ ఎన్ని తీసుకున్నావని. నాలుగు తీసుకున్నవాళ్ల ముందు రెండు తీసుకున్నవాళ్లు తల దించుకునేవారు. అడిషనల్ షీట్లు దారంతో ముడి వేసి ఇచ్చేటప్పుడు ఆ కట్ట బరువు చేతికి తెలిసేది. ఆ పద్ధతిలో నాకు జిల్లాలో మంచి మార్కులే వచ్చాయి. అది తప్పని అప్పుడెవరూ అనలేదు.

ఇక్కడ దిద్దేవాళ్లు పాయింట్లు లెక్కపెట్టరని ఆంటీ చెప్పారు. మొత్తం చదివి, ఇది ఏ మెట్టు మీద నిలబడే వ్యాసమో చూస్తారట. తెలిసినదంతా చెప్పుకుంటూ పోతే కింది మెట్టు. ప్రశ్నలో ఉన్న మాటను పట్టుకుని, ఔననో కాదనో వాదించి, ఎందుకో నిలబెట్టుకుంటే పై మెట్టు. కింది మెట్టు మీద ఎన్ని పాయింట్లు పేర్చినా పై మెట్టు అందదు.

"అదేం లెక్కండీ? పదకొండో పాయింటుకు విలువ లేకపోతే ఎవరైనా ఎందుకు రాస్తారు?"

"అదే నేనూ అడుగుతున్న. ఎందుకు రాసినవ్?"

తర్వాతి వారం నేను బాగా ఆలోచించుకుని వెళ్లాను. రెండో ప్రపంచ యుద్ధానికి వర్సేల్స్ సంధి ఎంతవరకు కారణమో చర్చించమని ప్రశ్న. ఎంతవరకు అని వాళ్లే అడిగారు కాబట్టి ఎంతో చెప్పేశాను. సంధికి ముప్పై అయిదు శాతం, ఆర్థిక మాంద్యానికి ముప్పై, నియంత దురాశకు ఇరవై, జాతుల సమితి చేతగానితనానికి పదిహేను. మొత్తం నూరు. చివర చిన్న పట్టిక కూడా గీశాను. ఈసారి ఎవరూ వంక పెట్టలేరని నా ధీమా.

ఆంటీ పట్టిక దగ్గర ఆగి అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఆగేదాకా నేను చాయ్ తాగుతూ కూర్చున్నాను. ఒళ్లు మండిపోయింది.

"గీ ముప్పై అయిదు ఏడికెల్లి తెచ్చినవ్ బేటీ?"

"నా అంచనా అండీ."

"ముప్పై ఆరు ఎందుకు కాదు?"

"ముప్పై ఆరు అయితే నూరు దాటుతుంది."

"యా అల్లా! యుద్ధంల ఇంతమంది సచ్చిపోయింది నీ నూరు దాటకుండనా? కెనాట్ లా, కుదరదు. అంచనా ఎట్ల కొట్టినవో అది రాయి. అంకె నీ దగ్గరే పెట్టుకో."

ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన వన్-నార్త్ అనే ఐటీ ప్రాంతంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తారు. నాకు సానుభూతి కావలసి వచ్చినప్పుడు ఆయనకు హాస్యం వస్తుంది.

"ఆ శాతాల మీద జీఎస్టీ కూడా వేశావా?" అన్నారు.

"మీకు ఎగతాళిగా ఉంది."

"కాదోయ్, నిజంగానే అడుగుతున్నా. ముప్పై అయిదు శాతం నింద సంధిది అన్నావు. ఆ సంధి రాసిన వాళ్లలో ఎవరికెంత? పంచుకుంటూ పో, రాత్రికల్లా ఏ గుమాస్తా ఎంత బాధ్యుడో తేలిపోద్ది."

"అన్నం మీరే పెట్టుకుని తినండి," అని లేచిపోయాను. కానీ ఆయన ఎగతాళి నన్ను పట్టుకుంది. పంచుకుంటూ పోతే నిజంగానే ఎక్కడ ఆగాలో నాకు తెలియలేదు. తెలియకపోవడం నాకు చిరాకు. తెలియదన్న సంగతి ఆయన కనిపెట్టడం ఇంకా చిరాకు.

ఆ రోజుల్లోనే గోదాములో బియ్యం తడిసింది. వర్షానికి నీళ్లు షట్టరు కింద నుంచి లోపలికొచ్చి, ఒక వరసంతా కింది బస్తాలు ఉబ్బిపోయాయి. ఆదివారం ఆంటీ దగ్గరికి వెళ్లినప్పుడు నాకు చదువు మీద ధ్యాస లేదు. కాగితాలు తియ్యకుండానే మొదలుపెట్టాను.

"అందరూ వాన మీద తోసేస్తున్నారండీ ఆంటీ. వాన మీద ఎలా తోస్తారు? ఈ ఊళ్లో వాన పడని వారం ఏది? అదే షట్టరు, అదే వాన. ఇన్నాళ్లూ తడవని బస్తా ఆ రోజే ఎందుకు తడిసింది?"

"ఎందుకు తడిసింది?"

"ఆ రోజు బస్తాల కింద వేసే చెక్క పాలెట్లు చాలలేదండీ. బస్తాలు నేల మీద దించారు. దించమన్నది కొత్త మేనేజరు. లారీవాడు తొందరపెట్టాడంటాడు ఆయన. లారీవాడు ఎప్పుడూ తొందరపెడతాడు, మేం ఎప్పుడైనా నేల మీద పెట్టామా? వాన లేకపోతే నేల మీద పెట్టినా తడిసేవి కాదుగా అంటారు. నిజమే, కాదనను. కానీ వాన వస్తుందని అందరికీ తెలుసు కదా. తెలిసీ పెట్టించినవాడిది అసలు తప్పు. వాన ఉత్త సాకు."

ఆంటీ చాయ్ గ్లాసు కింద పెట్టారు.

"ఇరవై రెండు," అన్నారు.

"ఇరవై రెండు బస్తాలు కాదండీ, ఇంకా..."

"బస్తాలు కాదు, మార్కులు. ముప్పైకి ఇరవై రెండు. ఇప్పుడు నువ్వు చెప్పినదానికి. ఒక్క హెడింగు పెట్టలే. ఒక్క గీత గియ్యలే. ఎదుటోడు అనేది నువ్వే చెప్పి, సగం ఒప్పుకుని, మళ్ల కొట్టినవ్. గిట్ల రాయనీకి నీకేం రోగం?"

ఆమె ఎదురుగానే కూర్చుని వర్సేల్స్ సంధి మళ్లీ రాశాను. సంధి అమల్లోకి వచ్చాక చాలా ఏళ్లు యుద్ధం రాలేదు. ఆ సంధి అక్కడే ఉంది, ఆ కోపమూ అక్కడే ఉంది. మరి కొన్నేళ్లు గడిచాకే ఎందుకు పనికొచ్చింది? మాంద్యం వచ్చి ఉద్యోగాలు పోయాక, పాత అవమానాన్ని చూపించి ఓట్లు అడిగేవాడికి వినేవాళ్లు దొరికారు కాబట్టి. అలా సాగింది. ఆంటీ ఇరవై వేశారు.

సంతోషించాలి. నాకు సంతోషం రాలేదు. పదకొండు పాయింట్లలో నేను వాడినవి నాలుగే. తెలిసిన ఏడు పాయింట్లను రాయకుండా వదిలేసినందుకు నాకు ఇరవై ఇచ్చారు, పదకొండూ పద్ధతిగా రాసినందుకు పన్నెండు ఇచ్చారు. మంచి సరుకు ఏడు బస్తాలు షట్టరు బయట వానలో పెట్టి వస్తే, శభాష్ అని భుజం తట్టినట్టుంది. ఆ మాటే ఆంటీతో అన్నాను.

"బయట పెట్టుడు కాదు. ఇంట్లో పెట్టుకో. అడిగితే తియ్యి," అన్నారు.

పరీక్ష రోజు హాల్లో నా చుట్టూ మా ఆఫీసు ఇంటర్న్‌ల కంటే చిన్నవాళ్లు. రెండు వ్యాసాలు రాయాలి. మొదటిది జాతుల సమితి వైఫల్యం మీద. పెద్ద దేశాల స్వార్థమే కారణమన్నారు, ఎంతవరకు ఒప్పుకుంటారని అడిగారు. నాకు వెంటనే మా షట్టరు గుర్తొచ్చింది. స్వార్థం వాన లాంటిది, అది ఎప్పుడూ ఉంది. మరి మొదట్లో చిన్న తగాదాలు తీర్చగలిగిన సమితి తర్వాత ఎందుకు తీర్చలేకపోయింది? హెడింగులు లేకుండా రాశాను. ప్రతి పేరా దగ్గరా ఆగి, ఇది ప్రశ్నకేనా అని చూసుకుని రాశాను. అలా రాయడం నెమ్మది పని. తలెత్తి చూసేసరికి రెండో వ్యాసానికి మిగలాల్సిన టైము అందులోంచి చాలా తినేశాను.

రెండోది ప్రచ్ఛన్న యుద్ధం. అప్పుడే పక్క వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తి అదనపు కాగితం అడిగింది. పర్యవేక్షకురాలు వెళ్లి కాగితాలు, దారం ముక్క ఇచ్చింది. ఆ దారం చూశాను. తర్వాత ఏమైందో నా చేతినే అడగాలి. స్కేలు తీసింది. హెడింగు పెట్టింది, గీత గీసింది, మూడు వరసలు రాసింది, మళ్లీ హెడింగు పెట్టింది. అమెరికా భయాలు, రష్యా భయాలు, బెర్లిన్, అణుబాంబు, ఆర్థిక సాయం, తూర్పు యూరప్. తెలిసినవన్నీ బిలబిలా వచ్చాయి. నేనూ చెయ్యెత్తాను. గంట కొట్టేసరికి కట్ట ముడి వేసి ఇచ్చాను. ఆ బరువు చేతికి తెలిసింది, చాలా ఏళ్ల తర్వాత.

బయటికొచ్చి ట్రైన్ ఎక్కకముందే ఆంటీకి ఫోన్ చేశాను.

"బాగా రాశానండీ ఆంటీ! నాలుగు అడిషనల్స్!"

అవతల గిన్నెలో గరిటె తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఆంటీ?"

"మొదటి దానికా, రెండో దానికా?"

"రెండో దానికే నాలుగూ."

"ఎన్ని పాయింట్లు?"

అప్పటికి గానీ నాకు వెలగలేదు. "పన్నెండు," అన్నాను.

"పోనీలే," అన్నారు. "ఇంటికి రా, ఖుబానీ కా మీఠా చేసిన. తిని పో."

ఫలితంలో డి వచ్చింది. ఒక్క మెట్టు కింద. కాలేజీవాళ్లు మర్యాదగానే రాశారు, ఈ ఏడాది కుదరదు, వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు చేసుకోమని. మా ఆయన ఈసారి హాస్యమాడలేదు. అన్నం పెట్టుకుని నాకూ పెట్టారు. గోదాములో కొత్త మేనేజరుకు పాలెట్ల లెక్క మళ్లీ చూపించాను. ఆయన సంతకం పెట్టారు.

ఫెయిలైనట్టు కాదని అందరూ అన్నారు. అది నాకు తెలుసు. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఆ కాగితం. అందులో ఒక అక్షరం ఉంది, అంకె లేదు. సి దాకా ఎంత దూరంలో ఆగానో తెలియాలి కదా. ఒక్క మార్కా, పదా? మార్కులు చెప్పమని రాశాను, చెప్పరని జవాబు వచ్చింది. రుసుము కట్టి మళ్లీ చూడమని అడిగాను. చూశారు, మార్పు లేదన్నారు. ఎంతలో మార్పు లేదో అప్పుడు కూడా చెప్పలేదు. కోట్ల మంది చనిపోయిన యుద్ధానికి ఎవరెంత బాధ్యులో నన్ను వాదించమన్నవాళ్లు, ముప్పై మార్కుల వ్యాసానికి తాము ఎంత వేశారో చెప్పరు. ఎంతవరకు అన్న ప్రశ్న నాకేనా? ఇది తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది.

చివరికి నేనే పూనుకున్నాను. రెండు వ్యాసాలనూ గుర్తున్నంతవరకు మళ్లీ రాసి, హెడింగులూ గీతలూ సహా, ఆంటీ ముందు పెట్టాను. "జాలిపడి వెయ్యొద్దండీ. అక్కడ ఎంత వేసి ఉంటారో అంతే వెయ్యండి."

ఆంటీ చాలాసేపు చదివారు. మొదటిదానికి ఇరవై ఒకటి, రెండోదానికి పన్నెండు. మొత్తం ముప్పై మూడు.

"సి కి ఎంత కావాలండీ?"

"అది ఎవరికి తెలుసు? ముప్పై ఏళ్లు పిల్లల్ని చూసిన అంచనా చెప్తున్న. ముప్పై ఆరు ఉంటదేమో."

"ముప్పై అయిదు ఎందుకు కాదు?"

ఆంటీ నా వైపు చూసి, ఎర్ర పెన్ను మూత పెట్టారు. "ఇన్ని దినాలకు మంచి ప్రశ్న అడిగినవ్."

ఈ ఏడాది పరీక్షకు మళ్లీ కట్టాను. స్కేలు ఇంట్లో వదిలి వెళ్తానని ఆంటీకి మాటిచ్చాను. చేతిని వదిలి వెళ్లలేను కదా అంటే, అది నిజమేనన్నారు. పోయినవి, రానివి ఒకటి కాదని ఇప్పుడు నేనూ ఒప్పుకుంటాను. దిగని సరుకును గోదాములో స్టాకు కింద చూపించను. రావలసినదాని కింద చూపిస్తాను, వచ్చేదాకా కొట్టెయ్యను. దిద్దినవాళ్లు నాకు బాకీ లేరని, నేనే ఆ రెండో ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నానని ఆంటీ అంటారు. ఆ సంగతి మా మధ్య ఇంకా తేలలేదు. ఎవరు ఎవరికైనా సరే, ఇవాళ్టికి బాకీ ఉన్నది మూడు మార్కులు.